ఒకే కనెక్షన్, ఇంటిల్లిపాదీ వాడకం: రూటర్‌లో వేగ పరిమితులు, ప్రాధాన్యాలు పెట్టుకునే విధానం

"వంద ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారాను. అయినా సాయంత్రమయ్యేసరికి వేలిముద్ర వేస్తే చక్రం తిరుగుతూనే ఉంటోంది." పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు దుకాణాల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ ధోరణిలోనే ఉంటాయి. ఫోనులో ఒక్కొక్కరికీ ముక్కలుగా చెబితే సగం పని జరిగి సగం ఆగిపోతోంది. అందుకే మొదటి నుంచి చివరి వరకు వరుసగా రాస్తున్నాను.

ఉదాహరణగా నేను ఈ మధ్య సరిచేసిన ఒక చోటును తీసుకుంటాను. పర్లాకిమిడిలో ఒక ఆన్‌లైన్ సేవల దుకాణం. కింద మూడు కంప్యూటర్లు, వాటిలో ఒకదానికి వేలిముద్ర పరికరం. బయట, లోపల కలిపి నాలుగు కెమెరాలు. పైన ఇల్లు: ఒక టీవీ, అయిదు ఫోన్లు, విశాఖపట్నం కోచింగ్ సెంటర్ క్లాసులు ఆన్‌లైన్‌లో వినే అమ్మాయి. అన్నిటికీ కలిపి ఒకే 50 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. మీ ఇల్లు, మీ దుకాణం ఇందుకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

1. వరుస ఎక్కడ కడుతోందో ముందు తెలుసుకోండి

ఆ దుకాణంలో కౌంటర్ కంప్యూటర్ మీద పింగ్ (బయటి సర్వర్‌కు చిన్న సందేశం పంపి, జవాబు రావడానికి పట్టే సమయం చూపే కమాండ్) పెట్టి పక్కన కూర్చున్నాను. 24, 26, 25 అని మిల్లీసెకన్లు వరుసగా వస్తున్నాయి. కాసేపటికి ఒక్కసారిగా 410, ఆ వెంటనే 780, ఆ తర్వాత జవాబే లేదు. అదే సమయంలో ఒక పెద్దామె వేలు పెట్టి నిలబడి ఉంది. "ఇంకోసారి వెయ్యండమ్మా" అంటున్నారు దుకాణం ఆయన. నేను లేచి కెమెరాల రికార్డర్‌కు వెళ్లే నెట్ కేబుల్ తీశాను. మూడు సెకన్లలో పింగ్ మళ్లీ 25కు వచ్చింది.

వేగం చాలక కాదు, వరుస తప్పుడు చోట కట్టడం వల్ల ఇలా జరుగుతోంది. కెమెరాల వీడియో బయటికి పోయే దారిని నింపేసింది. ఆ ప్యాకెట్లన్నీ, అంటే నెట్‌లో సమాచారం ప్రయాణించే చిన్న ముక్కలన్నీ, ఫైబర్ పెట్టెలోనో, కంపెనీ వారి పరికరంలోనో పోగుపడ్డాయి. వేలిముద్ర సమాచారం కొన్ని కిలోబైట్లే, కానీ అది ఆ పోగు వెనక నిలబడింది. ఇరుకు వంతెన మీద ఇరవై లారీల వెనక అంబులెన్సు చిక్కుకున్నట్టు.

వంతెన మనది కాదు కాబట్టి దాని మీద మనం ఏమీ చేయలేం. వంతెనకు ముందు, మన గుమ్మంలోనే లారీలను ఆపాలి. అంటే మన రూటర్ అసలు వేగానికి కొంచెం తక్కువగా పంపాలి, తక్కువగా తీసుకోవాలి. అప్పుడు వరుస మన రూటర్‌లోనే కడుతుంది, అంబులెన్సును ముందుకు పంపే అధికారం మన చేతిలో ఉంటుంది. మొత్తం మీద పరిమితి పెట్టకుండా ప్రాధాన్యం ఒక్కటే పెడితే ఏ ప్రయోజనమూ ఉండదు. ఈ మార్గదర్శిలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి. మనవాళ్లు డౌన్‌లోడ్ అంకె చూసి ప్లాన్ కొంటారు, ఇబ్బంది మాత్రం చాలాసార్లు అప్‌లోడ్‌లో ఉంటుంది. అప్‌లోడ్ దారి నిండితే, డౌన్‌లోడ్‌కు "అందింది" అని వెళ్లే చిన్న జవాబులు కూడా ఆలస్యమవుతాయి. దాంతో డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. ఫోన్లు ఫొటోలను దాచుకునే సమయంలో టీవీ ఆగిపోవడానికి కారణం ఇదే.

2. మొదలుపెట్టే ముందు

- రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ చేతిలో ఉందా? కనెక్షన్ ఇచ్చినవారు పెట్టి వెళ్లినదైతే ముందే అడిగి తీసుకోండి.
- ఫైబర్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కాగితం మీద ఉన్నాయా? రూటర్‌ను మొదటి స్థితికి తెస్తే ఇవి లేకుండా నెట్ రాదు.
- ఒక ల్యాప్‌టాప్, ఒక నెట్ కేబుల్. ఈ పని వైఫై మీద చేయకండి.
- ఇప్పటి సెట్టింగ్‌ల బ్యాకప్. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి, రూటర్‌లోనే వదిలేయకండి.
- దుకాణం మూసి ఉండే సమయం, కనీసం రెండు గంటలు.
- ఇన్వర్టర్ ఉంటే రూటర్‌ను దానికి తగిలించండి. సెట్టింగ్ రాస్తున్నప్పుడు కరెంటు పోకూడదు.

ఫైబర్ పెట్టెకు సొంత వైఫై ఉంటుంది. మీరు పరిమితులు పెట్టేది వేరే రూటర్‌లో అయితే ఆ వైఫైని తప్పనిసరిగా ఆపేయండి. దానికి తగులుకున్న ఫోన్లు మీ రూటర్ లోపలికే రావు, మీ పరిమితులేవీ వాటికి వర్తించవు. ఈ ఒక్క పొరపాటు వల్ల "అన్నీ పెట్టాను, పని చేయడం లేదు" అన్నవారిని ఎంతమందిని చూశానో లెక్క లేదు.

3. అసలు వేగం కొలవడం

ఈ దశలో తొందరపడితే ఆ తర్వాత చేసేదంతా వృథా. ప్లాన్ కాగితం మీది అంకెను వాడకండి. కొలిచిన అంకెనే వాడండి.

అ) మిగతా పరికరాలన్నీ ఆపి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలపండి.

ఆ) పొద్దున, మధ్యాహ్నం, రాత్రి 8 గంటల ప్రాంతంలో కొలవండి. ప్రతిసారీ మూడు సార్లు కొలిచి మధ్య అంకె రాసుకోండి. వీలైతే రెండు రోజులు చేయండి.

ఇ) డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ విడివిడిగా రాయండి.

ఈ) కొలుస్తున్నంతసేపూ పక్కన పింగ్ నడపండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ కమాండ్‌కు 8.8.8.8 చిరునామా ఇచ్చి, ఆగకుండా నడిచే హైఫన్-టీ గుర్తు జోడించండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, దారి నిండినప్పుడు ఎంత అన్న రెండు అంకెలూ ముఖ్యం.

మన ఉదాహరణ దుకాణంలో పొద్దున 48 డౌన్‌లోడ్, 46 అప్‌లోడ్ వచ్చాయి. మధ్యాహ్నం 47, 44. రాత్రి 41, 30. ఇబ్బంది వచ్చేది సాయంత్రం, రాత్రి కాబట్టి రాత్రి అంకెనే ఆధారంగా తీసుకోవాలి. అందులో సుమారు 90 శాతం తీసుకుంటే 36 డౌన్‌లోడ్, 27 అప్‌లోడ్. ఇదే మన మొత్తం పరిమితి.

"డబ్బు కట్టిన వేగంలో కొంత వదులుకోవాలా?" అని దుకాణం ఆయన బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ వదులుకున్న ఆ నాలుగైదు ఎంబీపీఎస్‌లే మిగతా 36ను పనికొచ్చేలా చేస్తాయి. పగటి వేగం మరీ ఎక్కువ, రాత్రి మరీ తక్కువ అయితే షెడ్యూలర్ ఉన్న రూటర్లలో పగటికి ఒక పరిమితి, రాత్రికి ఒక పరిమితి పెట్టుకోవచ్చు. మొదటి వారం మాత్రం ఒక్క పరిమితితోనే నడపండి.

కేబుల్ మీద పింగ్ బాగుండి, వైఫై మీద మాత్రమే ఎగిరిపడుతుంటే సమస్య వైఫైదే. పాత ఇళ్ల మందపాటి గోడల వెనక సిగ్నల్ రాకపోతే ఏ ప్రాధాన్యమూ దాన్ని బాగుచేయదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లలో ఏది ఖాళీగా ఉంటే దానికి మారండి. లేదా కేబుల్ లాగి ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) పెట్టండి. ఆ తర్వాతే ముందుకు వెళ్లండి.

4. ఎవరికి ఏమి కావాలో కాగితం మీద రాయండి

రూటర్ తెరవకముందే పెన్ను పట్టుకోండి. ప్రతి పరికరం గురించి రెండు ప్రశ్నలు వేసుకోండి: దీనికి ఎక్కువ వేగం కావాలా, లేక ఆలస్యం లేకుండా ఉంటే చాలా?

వేలిముద్ర లావాదేవీకి, యూపీఐకి వేగం అక్కర్లేదు, ఆలస్యం ఉండకూడదు. మాట్లాడే కాల్‌కూ అంతే. టెలిఫోన్ నాణ్యత కోసం వాడే జీ.711 పద్ధతిలో సెకనుకు 50 ప్యాకెట్లు పోతాయి. ప్రతి ప్యాకెట్ ముందు తగిలించే చిరునామా సమాచారం కలుపుకొన్నా ఒక్కో వైపు 90 కేబీపీఎస్ లోపే. అయితే మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించితే సంభాషణ ఇబ్బందిగా మారుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతుంది. టీవీకి దీనికి విరుద్ధం: వేగం కావాలి, కానీ అది ముందే కొంత దాచుకుని ఆడిస్తుంది కాబట్టి అర సెకను ఆలస్యమైనా తెలియదు. ఫొటోల బ్యాకప్, విండోస్ అప్‌డేట్, కెమెరాల క్లౌడ్ రికార్డింగ్‌కు ఎప్పుడు చేరినా ఫర్వాలేదు.

ఈ లెక్కన నాలుగు గుంపులు చాలు. కింద హామీ అంటే రద్దీలోనూ దక్కాల్సిన వేగం, గరిష్ఠం అంటే దాటనివ్వని వేగం, రెండూ ఎంబీపీఎస్‌లో. ప్రాధాన్యం 1 అందరికన్నా ముందు, 8 అందరికన్నా వెనక. పది గుంపులు చేసినవారు నెల తిరిగేసరికి తామే మరిచిపోతారు.

- కౌంటర్: మూడు కంప్యూటర్లు. హామీ 10 డౌన్‌లోడ్, 8 అప్‌లోడ్. గరిష్ఠం 25, 18. ప్రాధాన్యం 1.
- క్లాసు: అమ్మాయి ల్యాప్‌టాప్. హామీ 4, 4. గరిష్ఠం 12, 8. ప్రాధాన్యం 2.
- కెమెరాలు: రికార్డర్. హామీ 1, 2. గరిష్ఠం 4, 6. ప్రాధాన్యం 8.
- మిగతా అందరూ: ఫోన్లు, టీవీ. హామీ 6, 4. గరిష్ఠం 30, 20. ప్రాధాన్యం 5.

హామీలన్నీ కూడితే 21, 18. ఇవి మొత్తం పరిమితి 36, 27 లోపలే ఉన్నాయి. అలా లేకపోతే హామీ అన్న మాటకు అర్థం ఉండదు. కౌంటర్‌కు ప్రాధాన్యం 1 ఇచ్చి కూడా గరిష్ఠం 25 దగ్గర ఎందుకు ఆపానో గమనించండి. లేకపోతే కౌంటర్ కంప్యూటర్‌లో అప్‌డేట్ మొదలైన క్షణం ఇల్లంతా ఆగిపోతుంది.

5. పరికరాల చిరునామాలు స్థిరపరచండి

ప్రతి పరికరానికీ రూటర్ ఇచ్చే అంకెల గుర్తును ఐపీ చిరునామా అంటారు. అది రోజూ మారిపోతుంటే నిన్న కంప్యూటర్‌కు ఇచ్చిన ప్రాధాన్యం ఇవాళ టీవీకి దక్కుతుంది. రూటర్‌లో డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే విభాగం) జాబితా తెరిచి ప్రతి ముఖ్య పరికరానికీ ఒక చిరునామా కేటాయించండి. మైక్రోటిక్ కంపెనీ రూటర్‌లో ఐపీ, డీహెచ్‌సీపీ సర్వర్, లీజెస్‌కు వెళ్లి పరికరాన్ని ఎంచుకుని "మేక్ స్టాటిక్" నొక్కాలి. తర్వాత ఆ లీజును తెరిచి మీకు కావలసిన చిరునామా ఇవ్వాలి.

చిరునామాలను గుంపులవారీగా పక్కపక్కన పెట్టండి. మన దుకాణంలో కౌంటర్‌కు 192.168.88.10 నుంచి 12, క్లాసు ల్యాప్‌టాప్‌కు 192.168.88.18, రికార్డర్‌కు 192.168.88.26 ఇచ్చాను. అప్పుడు 192.168.88.8/29 అని రాస్తే 8 నుంచి 15 వరకు అన్నీ ఒక్క దెబ్బకు కౌంటర్ గుంపులోకి వస్తాయి. 192.168.88.16/29 క్లాసుకు, 192.168.88.24/29 కెమెరాలకు. ఈ 8 నుంచి 31 వరకు ఉన్న చిరునామాలు ఇంకెవరికీ వెళ్లకుండా ఐపీ, పూల్‌లో పంపకాన్ని 32 నుంచి మొదలయ్యేలా మార్చండి.

ఫోన్లతో ఒక చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారు మ్యాక్ చిరునామా (రూటర్ పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్య) చూపిస్తాయి. వైఫైని మరిచిపొమ్మని చెప్పి మళ్లీ కలిపితే కొన్నిసార్లు అది మారిపోతుంది. ముఖ్యమైన ఫోన్ అయితే దాని వైఫై సెట్టింగ్‌లో ఆ నెట్‌వర్క్ వరకు అసలు మ్యాక్ వాడమని ఎంచుకోండి.

6. మైక్రోటిక్ రూటర్‌లో, అడుగడుగునా

మా వైపు చిన్న కేబుల్ ఆపరేటర్ల దగ్గర, లాడ్జీల్లో ఇవే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. మైక్రోటిక్ సెట్టింగ్‌లు మార్చే విన్‌బాక్స్ ప్రోగ్రామ్‌తో లోపలికి వెళ్లండి. పైన ఉన్న "సేఫ్ మోడ్" నొక్కాకే పని మొదలుపెట్టండి. పొరపాటున మీ దారి మీరే మూసుకుంటే చేసిన మార్పులన్నీ వాటంతటవే వెనక్కి పోతాయి. పని పూర్తయ్యాక సేఫ్ మోడ్‌ను మళ్లీ నొక్కి బయటికి రావడం మరవకండి. అలా చేయకుండా విన్‌బాక్స్ మూసేస్తే మొత్తం పని పోతుంది.

6.1 ఫాస్ట్‌ట్రాక్ ఆపండి. ఐపీ, ఫైర్‌వాల్, ఫిల్టర్ రూల్స్‌లో ఫాస్ట్‌ట్రాక్ కనెక్షన్ అనే నియమం కంపెనీ నుంచే వస్తుంది. అది ప్యాకెట్లను అడ్డదారిన పంపుతుంది, సింపుల్ క్యూలు (మనం పరిమితులు పెట్టబోయే వరుసలు) వాటిని చూడనే చూడవు. ఆ నియమాన్ని ఎంచుకుని ఎర్ర గుర్తు నొక్కండి. అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు పాత దారిలోనే పోతాయి కాబట్టి కనెక్షన్ల జాబితా ఖాళీ చేయండి, లేదా పనంతా అయ్యాక రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

6.2 తల్లి క్యూ. క్యూస్, సింపుల్ క్యూస్‌లో ప్లస్ గుర్తు నొక్కండి. పేరు "మొత్తం". టార్గెట్ 192.168.88.0/24, అంటే లోపలి చిరునామాలన్నీ. డెస్టినేషన్‌లో బయటికి వెళ్లే దారి: ఫైబర్ డయల్ చేసేది ఈ రూటరే అయితే ఆ పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసే పద్ధతి) ఇంటర్‌ఫేస్, లేకపోతే మొదటి పోర్టు. మ్యాక్స్ లిమిట్‌లో అప్‌లోడ్ 27 ఎం, డౌన్‌లోడ్ 36 ఎం. ముందు గడి అప్‌లోడ్‌ది, తర్వాతి గడి డౌన్‌లోడ్‌ది. ఇక్కడ చెయ్యి తడబడితే అన్నీ తలకిందులవుతాయి. "ఎం" అక్షరం వదిలేసి 27 అని మాత్రమే రాస్తే సెకనుకు 27 బిట్లని అర్థం, నెట్ ఆగిపోయినట్టే.

6.3 పిల్ల క్యూలు. నాలుగు గుంపులకూ నాలుగు క్యూలు చేయండి. ప్రతిదానికీ అడ్వాన్స్‌డ్ భాగంలో పేరెంట్‌గా "మొత్తం" ఎంచుకోండి. "లిమిట్ ఎట్" గడిలో హామీ, "మ్యాక్స్ లిమిట్"లో గరిష్ఠం, ప్రయారిటీలో మన అంకె. ఒకటి అంటే అందరికన్నా ముందు, ఎనిమిది అంటే అందరికన్నా వెనక.

రూటర్ చేసే లెక్క ఇది. ముందు అందరికీ హామీ ఇస్తుంది. మిగిలినదాన్ని ప్రాధాన్యం వరుసలో గరిష్ఠం వరకు పంచుతుంది. తల్లికి పెట్టిన ప్రాధాన్యానికి ఇక్కడ విలువ లేదు, పిల్లలకు పెట్టినదే లెక్క.

6.4 వరుస సరిచూడండి. సింపుల్ క్యూలను రూటర్ పై నుంచి కిందికి చూస్తుంది, మొదట సరిపోయినదానితో ఆగిపోతుంది. "మిగతా అందరూ" క్యూ టార్గెట్ 192.168.88.0/24 కాబట్టి అది అన్నిటినీ పట్టేస్తుంది. అది అన్నిటికన్నా కింద ఉండాలి. పైన ఉంటే కౌంటర్, క్లాసు, కెమెరాల క్యూల్లో అంకెలు సున్నా దగ్గరే నిలిచిపోతాయి.

6.5 క్యూ రకం. సింపుల్ క్యూకు మామూలుగా వచ్చే రకం చిన్న వరుసే. ముందు వచ్చినది ముందు పోతుంది, నిండితే పడిపోతుంది. మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ అయిన రూటర్ ఓఎస్ 7లో ఆలస్యం పెరగకుండా వరుసను నడిపే ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ రకాలు వచ్చాయి. క్యూ టైప్స్‌లో ఎఫ్‌క్యూ-కోడెల్ రకం ఒకటి చేసి నాలుగు పిల్ల క్యూలకూ ఇవ్వండి. ఒకే గుంపులో ఒక పెద్ద డౌన్‌లోడ్ మిగతా చిన్న పనులను నలిపేయకుండా ఇది చూసుకుంటుంది.

లాడ్జీ, హాస్టల్ వంటి చోట్ల అతిథులందరికీ సమానంగా పంచాలంటే పీసీక్యూ రకం వాడండి. పీసీక్యూ అప్‌లోడ్, పీసీక్యూ డౌన్‌లోడ్ రకాలు సిద్ధంగా ఉంటాయి. రేటును సున్నాగా వదిలేస్తే ఉన్నదాన్ని ఆ క్షణంలో వాడుతున్నవారి మధ్య సమానంగా పంచుతుంది. ఇద్దరుంటే ఇద్దరికీ ఎక్కువ, ఇరవై మంది ఉంటే తలా కొంచెం. మనిషికి 2 ఎంబీపీఎస్ అని బిగించడం కంటే ఇది ఎంతో మేలు.

కాసేపు గరిష్ఠం దాటనిచ్చే బర్స్ట్ గడుల జోలికి మొదట పోకండి. అవి ఎప్పుడు తెరుచుకుంటాయో, ఎప్పుడు మూసుకుంటాయో తెలియక తప్పు వెతకడం కష్టమవుతుంది.

7. ఓపెన్‌వర్ట్ వేసిన రూటర్‌లో

ఓపెన్‌వర్ట్ అంటే కొన్ని రూటర్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇక్కడ పని తక్కువ. సాఫ్ట్‌వేర్ పేజీలో లూసీ-యాప్-ఎస్‌క్యూఎం ప్యాకేజీ ఎక్కించండి. నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం పేజీ వస్తుంది.

- ఇంటర్‌ఫేస్‌గా వ్యాన్ (బయటి నెట్ వైపు పోర్టు) ఎంచుకోండి. పీపీపీఓఈ అయితే ఆ పేరుతో ఉన్నదాన్ని ఎంచుకోండి.
- వేగం కిలోబిట్లలో రాయాలి: డౌన్‌లోడ్ 36000, అప్‌లోడ్ 27000.
- క్యూ పద్ధతి కేక్. స్క్రిప్ట్ పీస్-ఆఫ్-కేక్.
- లింక్ లేయర్‌లో ఈథర్‌నెట్ ఎంచుకుని ఓవర్‌హెడ్ 44 ఇవ్వండి.
- సాఫ్ట్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆపేయండి. మైక్రోటిక్ ఫాస్ట్‌ట్రాక్ లాంటి అడ్డదారే ఇది.

ముందుకు పంపవలసిన ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ అనే ప్రాధాన్య గుర్తు వేసే పరికరాలు మీ దగ్గర ఉంటే లేయర్-కేక్ స్క్రిప్ట్ వాడవచ్చు. ఆఫీసుల్లోని ఐపీ టెలిఫోన్లు మాటకు 46 అనే గుర్తు వేస్తాయి. అయితే బయటి నుంచి వచ్చే ప్యాకెట్ల గుర్తులు దారిలో చెరిగిపోవడం మామూలే. వాటిని నమ్ముకుని లెక్క కట్టకండి.

ఇంట్లో వాడకానికి నన్ను అడిగితే కేక్‌నే సూచిస్తాను. గుంపులు, హామీలు ఏవీ లేకుండానే నూటికి తొంభై ఇళ్ల ఇబ్బంది దీంతో తీరుతుందని నా నమ్మకం.

8. మామూలు ఇంటి రూటర్‌లో

టీపీ-లింక్ పాత నమూనాల్లో "బ్యాండ్‌విడ్త్ కంట్రోల్" అనే పేజీ ఉంటుంది. ఎగ్రెస్ అంటే అప్‌లోడ్, ఇంగ్రెస్ అంటే డౌన్‌లోడ్. విలువలు కేబీపీఎస్‌లో రాయాలి. ముందు మొత్తం అంకెలు, తర్వాత చిరునామాల వరుసకు కనిష్ఠం, గరిష్ఠం. కొత్త నమూనాల్లో "క్యూఓఎస్" పేజీలో మొత్తం వేగం రాసి, ముందుండాల్సిన పరికరాలకు ప్రాధాన్యం బొత్తం వేయడమే. ఒకటి రెండు పరికరాలకు మించి వేయకండి. అందరికీ ముందు వరుస ఇస్తే ముందు వరుసే ఉండదు.

కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టెల్లో చాలావాటిలో ఈ పేజీయే ఉండదు. అప్పుడు దాని వెనక సొంత రూటర్ పెట్టుకోవడమే మార్గం.

9. స్విచ్‌లు ఉన్న కాలేజీలు, హాస్టళ్లు

రాయగడ, బరంపురం వైపు పెద్ద ప్రాంగణాల్లో ఒక్క రూటర్‌తో సరిపెట్టలేం. అక్కడ గుర్తుంచుకోవలసినవి రెండే. మేనేజ్‌డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగలిగే స్విచ్) పోర్టు మీద లోపలికి వచ్చేదానికి పెట్టే పరిమితి సాధారణంగా మించినదాన్ని పారేస్తుంది. బయటికి పంపేటప్పుడు పెట్టే షేపింగ్ మించినదాన్ని వరుసలో ఆపుతుంది. పారేస్తే డౌన్‌లోడ్ వేగం రంపపు పళ్లలా పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే ముఖ్యమైన చోట షేపింగ్ వాడండి, పారేసే పద్ధతిని దుర్వినియోగం ఆపడానికి మాత్రమే ఉంచండి.

రెండోది, సిస్కో వంటి పరికరాల్లో మాటకు కఠిన ప్రాధాన్యం ఇస్తే ఆ తరగతికి మొత్తంలో మూడో వంతు మించకుండా చూడండి. సిస్కో సూచించే హద్దు 33 శాతం. అది దాటితే మిగతావారు ఆకలితో మాడతారు.

10. పరీక్షించడం

సెట్టింగ్ పెట్టి ఇంటికి వెళ్లిపోకండి. కౌంటర్ కంప్యూటర్‌లో పింగ్ నడుపుతూ ఈ వరుసలో చూడండి.

- అంతా ఖాళీ: అంకె రాసుకోండి.
- పై ఇంటి ఫోను నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ మొదలుపెట్టండి. పింగ్ ఖాళీగా ఉన్నప్పటి అంకె కంటే 20, 30 మిల్లీసెకన్లకు మించి పెరగకూడదు.
- దానికి తోడు టీవీ పెట్టండి, కెమెరాలు కలపండి.
- ఇప్పుడు వీడియో కాల్ చేసి రెండు నిమిషాలు మాట్లాడండి. మాట తెగకూడదు.
- చివరగా కౌంటర్‌లో అసలు పని ఒకటి చేయండి.

మన దుకాణంలో ఇవన్నీ ఒకేసారి నడుస్తుండగా పింగ్ 31 నుంచి 44 మధ్య నిలిచింది. పింగ్ ఇంకా ఎగిరిపడుతుంటే మొత్తం పరిమితిని 5 శాతం చొప్పున తగ్గిస్తూ మళ్లీ చూడండి. నిలకడ వచ్చిన చోట ఆగండి. రెండు సార్లు తగ్గించినా అసలు మార్పే లేకపోతే పరిమితి పని చేయడం లేదని అర్థం, కింది తప్పులు చూడండి.

మైక్రోటిక్‌లో క్యూ గుర్తు ఎర్రగా మారితే భయపడకండి. వాడకం సగం దాటితే పసుపు, ముప్పావు దాటితే ఎరుపు. పెట్టిన పరిమితి దగ్గర క్యూ తన పని తాను చేస్తోందని చెప్పడమే అది.

11. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

క్యూలో అంకెలు కదలవు. ఫాస్ట్‌ట్రాక్ ఇంకా నడుస్తోంది, లేదా ఫోన్లు ఫైబర్ పెట్టె వైఫైలో ఉన్నాయి, లేదా వరుస తప్పింది. ఈ మూడింటినీ ఇదే క్రమంలో చూడండి.

నెలాఖరుకు పాత ఇబ్బంది తిరిగి వస్తుంది. డేటా కోటా అయిపోయి కంపెనీ వేగం తగ్గించి ఉండవచ్చు. కనెక్షన్ 4 ఎంబీపీఎస్‌కు పడిపోతే మన 36 పరిమితి ఉన్నా లేనట్టే, వరుస మళ్లీ బయటికి పోతుంది. వేగం కొలిచి, అప్పటి అంకెలో 90 శాతానికి మార్చండి. కొత్త నెలలో తిరిగి పెంచండి.

కొన్ని యాప్‌లు పరిమితి దాటుతున్నాయి. ఐపీవీ6 అనే కొత్త రకం చిరునామాలు కారణం. 192.168.88.0/24 అని రాసిన క్యూ ఐపీవీ4ను, అంటే పాత రకం చిరునామాలను మాత్రమే పట్టుకుంటుంది. చిన్న దుకాణమైతే ఐపీవీ6ను ఆపేయడం తేలిక. ఉంచుకోవాలంటే తల్లి క్యూకు, "మిగతా అందరూ" క్యూకు చిరునామాకు బదులు లోపలి బ్రిడ్జ్ ఇంటర్‌ఫేస్‌ను టార్గెట్‌గా పెట్టండి.

ఎనిమిది రెట్ల తేడా. డౌన్‌లోడ్ కిటికీలో కనిపించేది మెగాబైట్లు, రూటర్‌లో రాసేది మెగాబిట్లు. 36 మెగాబిట్లు అంటే సెకనుకు 4.5 మెగాబైట్లు.

పోర్టులను బట్టి యూట్యూబ్‌ను వెనక్కి నెట్టాలని చూడడం. ఇప్పుడు వీడియో, బ్యాంకు, వార్తలు అన్నీ 443 పోర్టులోనే వెళ్తాయి, అదీ రహస్య సంకేతాల్లో. పోర్టు చూసి వేరు చేయలేం. పరికరాన్ని బట్టి వేరు చేయండి.

రూటర్ వేడెక్కి వేగమే తగ్గింది. అడ్డదారులు మూసేశాక ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ చూడాలి. రిసోర్సెస్ పేజీలో సీపీయూ 90 శాతం దాటితే క్యూలు తగ్గించండి, లేదా పెద్ద రూటర్ తీసుకోండి. మైక్రోటిక్ హ్యాప్ లైట్ లాంటి చిన్నది వంద ఎంబీపీఎస్‌కు పైన ఈ పని మోయలేదు.

కెమెరాలకు క్యూ పెడితే చిత్రం తెగిపోతోంది. క్యూ పెంచకండి, మూలం దగ్గర తగ్గించండి. రికార్డర్‌లో బయటికి పంపే ధారను సబ్-స్ట్రీమ్‌కు (తక్కువ నాణ్యత ధార) మార్చండి, వీడియోను ఎక్కువగా కుదించే హెచ్.265 ఉంటే అది ఎంచుకోండి. లోపల హార్డ్ డిస్కులో రికార్డయ్యే చిత్రం నాణ్యత అలాగే ఉంటుంది.

12. సెల్ టవర్ మీదే ఆధారపడే ఊళ్లలో

మోహన, ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊళ్లలో ఫైబర్ లేనివారు 4జీ రూటర్లతో నడుపుకుంటున్నారు. అక్కడ వేగం గంటకోలా ఉంటుంది కాబట్టి 90 శాతం సూత్రం సరిపోదు. వారం రోజులు కొలిచి, ఎక్కువసార్లు దొరికే కనిష్ఠ వేగం దగ్గరే పరిమితి పెట్టండి. అది 6 ఎంబీపీఎస్ అయినా సరే. నిలకడగా ఉన్న 6, ఊగిసలాడే 20 కంటే కౌంటర్ పనికి నయం. ఓపెన్‌వర్ట్ వాడేవారికి కేక్-ఆటోరేట్ అనే స్క్రిప్ట్ ఉంది. ఆలస్యాన్ని కనిపెట్టుకుంటూ పరిమితిని అదే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇలాంటి చోట్ల దాన్ని ఎక్కించుకోవడానికి పడే శ్రమ దండగ కాదు.

పని ముగిశాక కొత్త సెట్టింగ్‌ల బ్యాకప్ తీయండి. ఒక కాగితం మీద కొలిచిన తేదీ, మూడు వేళల వేగాలు, మొత్తం పరిమితి, నాలుగు గుంపుల చిరునామాలు తెలుగులోనో ఒడియాలోనో రాసి రూటర్ పక్క గోడకు అంటించండి. ప్లాన్ మారినా, కెమెరా కొత్తది పెట్టినా ఆ కాగితం ముందు నిలబడి మూడో దశ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.